ఒక్కరు నమ్మితే చాలు

ఫిలింనగర్‌లో వేసిన లక్నో హవేలీ సెట్టు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది జాయ్స్. కాళ్లకు గజ్జెలు, ఒంటి మీద మోయలేనంత లంగా.

ఈ ఒక్క షాట్ మీదే ఆమె బతుకంతా ఆధారపడి ఉంది. సెట్టులో ఒక్కరైనా నమ్మాలి. ఒక్కరు నమ్మితే చాలు. ఈ రోజుతో షెడ్యూల్ ఆఖరు. ఇంతమంది ముందు నిలబడే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో ఏమో!

నిన్నమొన్నటిదాకా కృష్ణానగర్ ఇరుకు గదిలో ఉన్న గ్రూప్ డాన్సర్, ఏకంగా హిందీ సినిమా హీరోయిన్ అయి కూర్చుంది. అదీ మామూలు సినిమానా? ఒక నర్తకి కథ. ప్రేమించానన్న పెద్దమనిషే ఆమెను మేడగదిలో పెట్టి తాళం వేస్తాడు. మొదట్నించి చివరిదాకా పాటలే పాటలు.

జాయ్స్‌కి ఆట వచ్చు గానీ హిందీ ముక్క రాదు. అయితే ఏం? తెలుగులో చెప్పేస్తుంది. తర్వాత ముంబైలో ఎవరో ఒకమ్మాయి గొంతు అరువిస్తుంది. సినిమావాళ్లకు ఇది కొత్తేం కాదు. డైరెక్టరుకు తెలుగు అసలే రాదు.

భర్త ప్రేమ్ చంద్ బయట ఫోన్లో ఉన్నాడు. ఆమె మేనేజరూ అతనే. షాటుకీ షాటుకీ మధ్య కొబ్బరినీళ్లు తాగిస్తాడు, చెమట తుడుస్తాడు, ఎవరేమడిగినా ఆమె బదులు తనే జవాబు చెబుతాడు. మొగుడంటే ఇలా ఉండాలని యూనిట్‌లో ఆడవాళ్లంతా ఒకటే పొగడ్త. కానీ అతను ఎదురుగా ఉంటే మాత్రం జాయ్స్‌కి నోరు పెగలదు. అతను లోపలికి వచ్చేలోగా కానిచ్చేయాలి.

"యాక్షన్!"

"మీకు దణ్ణం పెడతానండీ, నన్ను ఇక్కణ్ణించి తీసుకెళ్లండి. తలుపులకి తాళం వేసేస్తున్నాడండీ. మా అమ్మని చూసి ఎనిమిది నెలలైంది. నేను బతికున్నానో లేదో కూడా ఆవిడకి తెలీదు. ఎవరైనా ఒక్కరు వెళ్లి చెప్పండి, మీ కాళ్లు పట్టుకుంటాను!"



"కట్! వాహ్!" డైరెక్టరు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు.

జాయ్స్ ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది.

మేకప్ సర్దడానికి వచ్చిన మల్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టయింది బిడ్డా."

"నిజంలాగే అనిపించిందా అమ్మా?" ఆశగా అడిగింది జాయ్స్.

"అచ్చం నిజమే! నీకు అవార్డు పక్కా, ఫికర్ చెయ్యకు."

జాయ్స్ మొహం వాడిపోయింది. చాల్లేదు. ఇంకా నమ్మించాలి.

"సేఫ్టీకి ఇంకొక్కటి!" అన్నాడు డైరెక్టరు.

ఈసారి ఆమె ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపింది. ఎదురుగా లైటు పట్టుకున్న నర్సింహ కళ్లలోకే చూసింది.

"అన్నా, నీకు అక్కచెల్లెళ్లు లేరా? నేను నాటకాలాడట్లేదన్నా. ఒట్టు, నిజమే చెబుతున్నాను. మా అమ్మ ఉండేది..."

తలుపు దగ్గర ప్రేమ్ చంద్ కనిపించాడు.

జాయ్స్ మిగతా మాట మింగేసి, ఊచలకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఓకే! ప్యాకప్!"

చప్పట్లతో ఫ్లోరు మారుమోగిపోయింది. నర్సింహ అయితే ఈల కూడా వేశాడు. "ఏడిపించేసినవ్ అక్కా!"

ప్రేమ్ చంద్ వచ్చి ఆమె భుజాల చుట్టూ శాలువా కప్పాడు. "అదరగొట్టేశావంట కదా బంగారం! పద, కారు రెడీగా ఉంది. జూబ్లీహిల్స్ ట్రాఫిక్కులో ఇరుక్కుంటే ఇంటికెళ్లేసరికి చీకటి పడిపోద్ది."

పక్క ఫ్లోర్‌లో డాన్సర్లను సర్ది అప్పుడే వచ్చాడు అసిస్టెంట్ డైరెక్టర్ నవీన్. సీన్ కాగితాల కట్ట విప్పుతూ అడ్డం నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం మేడం. అందరూ అంతగా మెచ్చుకుంటున్న ఆ డైలాగులు ముంబైకి పంపాలి."

"ఏ డైలాగులు?" అన్నాడు ప్రేమ్ చంద్.

"అమ్మ కాడికి పంపమని ఏడ్సింది సారూ. మీరు చూడాల్సుండె!" మల్లమ్మ మురిసిపోయింది.

నవీన్ కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, జాయ్స్ వంక చూశాడు.

"ఈ సీనంతా వెనక పాటే వస్తుంది సార్, మేడంకి ఒక్క డైలాగు కూడా లేదు" అన్నాడు.