తడి చూసే కడ్డీ

సెన్సర్ చిప్‌కు డీబగ్గర్ వైరు తగిలించి, లాప్‌టాప్‌లో ప్రోగ్రాంను ఆపి ఆపి నడిపిస్తోంది ఇంజనీరు అరుణజ్యోతి. నేల ఎండితే ఆ సెన్సరే బోరు మోటరు వేయాలి. వేయడం లేదు. ముదిగుబ్బ ఎండకు వేరుశనగ తల వాల్చేసింది.

"యంత్రం అబద్ధం చెప్తాండాది పాపా! అబద్ధమాడే నాలుకకు నరకమే!" అని ఉరిమాడు చేను ఆసామి హనుమంతరాయుడు. ఊళ్లో ప్రవచనాలు చెప్పేదీ ఆయనే.

"కోడ్‌లో తప్పేం లేదు పెద్దాయనా. ఇప్పుడు నేల పొడి అనే చూపిస్తాంది. ఇంకాసేపట్లో మోటరు వేస్తుంది."

అంతలోనే తెర మీద అంకె ఎగిరి, నేల పూర్తిగా తడి అని చూపించింది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. నేలలో పాతిన సెన్సర్ కడ్డీకి కుంకుమ పెట్టి, చెంబుడు నీళ్లు పోస్తున్నాడు హనుమంతరాయుడు.

"అయ్యో, ఏం చేస్తాండారు?"

"అభిషేకం. దినామూ చేస్తా. ఈ పొద్దు నీ గొడవలో ఆలస్యమైపాయ. ఆకైనా నీళ్లైనా భక్తితో ఇస్తే తీసుకుంటానన్నాడు భగవంతుడు!"

"ఇదీ తీసుకుంటాంది! అందుకే చేనంతా తడిసిందనుకుంటాంది. పూజ మానేయండి, మోటరు అదే ఆడుతుంది."

మానేశాడు. మోటరు ఆడింది. చేను తడిసింది.

ఆ సాయంత్రం హనుమంతరాయుడు ఊరందరినీ పిలిచి గర్జించాడు.

"వాన రాలేదని ఆంజనేయస్వామిని తిట్టుకుంటిరి కదప్పా! తెల్లారితే బిందెలు బిందెలు ఆయన నెత్తిన మనమే పోస్తాంటే, ఈడ కరువుండాదని ఆయనకెట్ల తెలుస్తాది?"

ఊరు ఆలోచించింది. నిజమే అనిపించింది.

గుడికి తాళం వేశారు.