మూడు నిమిషాల కాలరు

“ఆ గడియారం చొక్కాకా బాబూ, నాకా?”

“మీ చేతులకి ఆంటీ. కాలరుకి ఎంత కాలం పడుతుందో కొలవాలి.”

మహీధర్ స్టాప్‌వాచ్ తీశాడు. ఉద్యోగానికొచ్చిన పరాయిదేశంలో, యీషున్ అనే పేటలో అతని ఫ్లాట్ ఉన్న బ్లాకు కిందే, స్తంభం పక్కన మిషను పెట్టుకుని నాగమల్లేశ్వరి పాత బట్టలు బాగుచేస్తుంది.

వై టూ కే గండం గడిచిన ఏడాది అది. కోడు రాసేవాళ్ల కూడుకి కొదవలేదు. ఇప్పుడతను రాస్తున్న కోడు మాత్రం వేరేవాళ్ల కూడుది.

“కంబోడియాలో మా కంపెనీకి చొక్కాల ఫ్యాక్టరీ ఉంది. కాలరు అతకడానికి ఇన్ని నిమిషాలని నేను ప్రోగ్రాంలో వేస్తే, ఆ లెక్కనే కాలరుకింత కూలి.”

“నిమిషాలు తగ్గితే?”

“కూలీ తగ్గుతుంది. రెండువేల మంది అమ్మాయిలు. రేపే అంకె ఇవ్వాలి.”

పెడలు మీద ఆమె కాలు ఒక్క క్షణం ఆగింది. కళ్లజోడు తుడుచుకుని కుట్టడం మొదలుపెట్టింది.

మూడు నిమిషాలు.

“ఆంటీ, ఇది కుట్టు మిషనా, నత్తకి పుట్టిన మిషనా?”

“తొందరైతే నువ్వే కుట్టుకో లా!” మాట చివర ఆ ఊరి ‘లా’ తగిలించి కసిరింది.

రెండో కాలరూ మూడు నిమిషాలే. మూడోదీ మూడే. సెకను అటూ ఇటూ కాలేదు.

“ఇంకో టైలర్ని చూసుకోనా?”

“చూసుకో. వాడు నీకు కుట్టేది పొద్దుటి మొదటి చొక్కా. ఆ పిల్లలు నడుం పట్టేసి, కళ్లు మసకబారి సాయంత్రం కుడతారే, ఆ నూటయాభయ్యో చొక్కా! దాన్ని మీరెవరూ కొలవరు.”

మహీధర్ నోట్లో జోకు దారంలా పుటుక్కున తెగింది.

మర్నాడు మేనేజరు కేశవరావు ఎగిరిపడ్డాడు.

“మూడా! కాలరు కుడుతున్నారా, కోటగోడ కడుతున్నారా? ఒకటిన్నర నిమిషమని వెయ్యి.”

“మూడుసార్లు కొలిచాను సార్. కొలవని అంకె వెయ్యను.”

“ఈ దేశంలో నిన్ను ఉండనిచ్చే వర్క్ పాస్ నా చేతిలో ఉంది.”

“స్టాప్‌వాచ్ నా చేతిలో ఉంది సార్. మీరు మిషను ముందు కూర్చోండి, కొలుస్తాను.”

కేశవరావు కూర్చోలేదు. మహీధర్ లేవలేదు. సాయంత్రానికి గడువు నెత్తిమీదకొచ్చి, మూడు మీదే కేశవరావు సంతకం పడింది.

శనివారం మైసూర్‌పాక్ పొట్లంతో కిందికి దిగితే, స్తంభం పక్కన మిషను లేదు. అక్కడే రోజూ పేపరు చదివే విశ్వేశ్వరరావు అంకుల్ ఒక్కడే ఉన్నాడు.

“నిన్ననే సరిహద్దు అవతల జొహోర్‌లో చెల్లెలింటికి వెళ్లిపోయింది బాబూ. ఇక రాదు.”

“అయ్యో! ఆవిడ లెక్కతోనే మా ప్రోగ్రాం నడుస్తోంది అంకుల్. చెయ్యి నిదానమే గానీ, నిక్కచ్చి మనిషి.”

“నిదానమా? నాగమల్లేశ్వరా?” అంకుల్ పేపరు మడిచాడు. “ఇక్కడే జురాంగ్ పేట చొక్కాల ఫ్యాక్టరీలో ఆవిడకి నేనే సూపర్‌వైజర్ని. నిమిషానికో కాలరు అతికే మనిషి, నేను గడియారం పట్టుకుని నిలబడ్డ రోజు మాత్రం, పక్క మిషన్ల పిల్లల కూలి కోసేస్తారని మూడు నిమిషాలకొకటి కుట్టి ఉద్యోగం పోగొట్టుకుంది.”