వాడు వదిలినట్టే

డిలే పెడల్ చేతికి రాగానే, దాన్ని కొనడానికి వచ్చిన అమ్మాయి అలవాటుగా నాలుగు నాబ్‌లూ సున్నాకి తిప్పేసింది. నెమ్మదిగా అలల్లా సాగే ఆంబియెంట్ సంగీతం చేయాలంటే, మీటిన స్వరాన్ని మళ్లీ మళ్లీ వినిపించే ఈ పెట్టె ఉండాల్సిందే. షాపుల్లో ధరలు ఆకాశాన్నంటుతున్నాయి. ఇది వాడినది కాబట్టి సగానికే వస్తోంది.

"అయ్యో, తిప్పేశావా?" అంది అమ్ముతున్నావిడ.

"వాయించి చూసే ముందు అందరం ఇలాగే చేస్తామండీ. ఏమైంది?"

"మా వాడు పోయిన రోజు ఎలా ఉందో అలాగే ఉంచాను. దుమ్ము కూడా తుడవలేదు. అమ్మే ముందు నీచేత వాయించుకుని, వాడి చప్పుడు ఒక్కసారి విందామనుకున్నాను."

తిప్పేముందు ఏ నాబ్ ఎక్కడుందో అమ్మాయి చూడనే లేదు.

"నాకు గుర్తుందండీ," అని అబద్ధమాడి, తోచినట్టు తిప్పి, వెంట తెచ్చుకున్న గిటార్ దానికి తగిలించి తీగ మీటింది. స్వరం అలలు అలలుగా గదంతా పరుచుకుని, మెల్లగా అణగిపోయింది.

చివరి మోత దాకా ఆవిడ కళ్లు మూసుకునే వింది.

"ఇది వాడిది కాదు," అంది. "వాడు వాయిస్తే ఇంత బాగుండేది కాదమ్మా. ఆ గోల ఆపరా అని రోజూ తిట్టేదాన్ని."