నాలుగో ఆటగాడు

"సార్, ఆగండి. ముందు బంతిని గోడకు తగలనివ్వండి," అంది కోచ్ జెరూష.

తిరుమలేశ్ ఆగలేదు. వెనకాల ఉన్న అద్దం గోడకు బంతి తగిలేలోపే, బూందీ గరిటెలా చిల్లులున్న ఆ బ్యాటును గాలిలో ఒక్క ఊపు ఊపేశాడు. బంతి తాపీగా గోడ దాకా వెళ్ళి, తిరిగొచ్చి అతని వీపు మీద చరిచింది.

జెరూష నుదురు కొట్టుకుంది. "పదిహేను రోజుల్నుంచి ఇదే చెప్తున్నాను. ఈ ప్యాడెల్ ఆటలో గోడ మనకి శత్రువు కాదు సార్. కాస్త ఆగితే బంతి అదే తెచ్చిస్తుంది."

తిరుమలేశ్‌కు ఒళ్ళు మండింది. ఆగడం గురించి తనకా చెప్పడం? సినిమా అవకాశం కోసం పదకొండేళ్ళుగా కృష్ణానగర్ గదిలో చేస్తున్నది ఆ పనే. ఈ కథ కూడా ఎవరూ వినకపోతే నెలాఖరుకల్లా సామర్లకోట వెళ్ళిపోయి, బావ సెల్‌ఫోన్ల కొట్లో కూర్చుంటానని అమ్మకు మాటిచ్చేశాడు. నెలాఖరు ఎంతో దూరంలో లేదు.

ఈ బంతాట అంటించింది యాదగిరి. రహమత్ నగర్ మనిషి, జూబ్లీహిల్స్‌లో ఒక బిల్డరు దగ్గర డ్రైవరు.

"అన్నా, కొత్త ప్రొడ్యూసర్ దిగిండు. మొఖం ఎవ్వలకు తెల్వది. మంగళారం పొద్దుగాల ఫిల్మ్‌నగర్ కోర్టుల ఆడతడంట. పేరడిగితే మాత్రం చిరాకంట. నువ్వేం అడగకు. ఆడుకుంట ఆడుకుంట కథ చెప్పెయ్యి, గంతే," అన్నాడు. అనడమే కాదు, ఇవాళ తన ఓనరు కారులోనే తెచ్చి దించాడు. ఆటోలో దిగితే కథకు విలువుండదట.

ఇవాళ మంగళవారమే. పక్క కోర్టులో ముగ్గురే ఉన్నారు. ఆటకు నలుగురు కావాలి.

"వెళ్ళండి సార్," అంది జెరూష, దేవుడి మీద భారం వేసినట్టు. "నేను చెప్పింది ఒక్కటైనా గుర్తుంచుకోండి."

తిరుమలేశ్ బ్యాగును ఒకసారి తడిమి చూసుకున్నాడు. నాలుగు మూలలా పసుపు పూసిన బౌండు స్క్రిప్టు లోపల భద్రంగా ఉంది. బ్యాగును బెంచీ మీద పెట్టి కోర్టులోకి నడిచాడు.

నెట్ అవతల తలకు బ్యాండు కట్టిన ఒక కుర్రాడూ, జడ వేసుకున్న ఒక అమ్మాయీ ఉన్నారు. ఇవతల తన జట్టు మనిషి ఒక పెద్దాయన. తెల్ల మీసాలు, నల్ల కళ్ళద్దాలు, చేతికి ఇంత లావు గడియారం. డ్రైవరు వచ్చి తలుపు తీశాక గానీ ఆయన కారు దిగలేదు. తిరుమలేశ్ కళ్ళారా చూశాడు. నిర్మాత కళంటే అదీ అనుకున్నాడు.

"సార్, చిన్న కథ. ఆడుతూనే వినొచ్చు," అన్నాడు గొంతు తగ్గించి.

పెద్దాయన ముఖం వెలిగింది. "మీరు చెప్తే వినకుండా ఉంటానా అండీ."

"మన హీరో లైన్‌మన్ సార్. ఊరంతటికీ కరెంటు ఇస్తాడు, వాళ్ళింట్లో మాత్రం..."

బంతి వచ్చింది. తిరుమలేశ్ ఊపాడు. తగల్లేదు.

"తప్పు నాదేనండీ," అన్నాడు పెద్దాయన.

"వాళ్ళింట్లో మాత్రం మీటరే ఉండదు సార్. ఒక రోజు హీరోయిన్..."

మళ్ళీ బంతి. మళ్ళీ గాలి.

"ఇదీ నాదేనండీ. హీరోయిన్ ఏం చేసిందండీ?"

హీరోయిన్ స్తంభం దగ్గరికి వచ్చేలోపు ఆరు బంతులు వచ్చాయి. సరిగ్గా కథ పట్టు మీద ఉన్నప్పుడే రావాలా ఈ దిక్కుమాలిన బంతి? ఇంటర్వెల్ దగ్గర ఒకటి సూటిగా వచ్చి నుదుటికి తగిలింది. కళ్ళు బైర్లు కమ్మినా కథ ఆపలేదు.

విచిత్రమేమిటంటే, ఇంత ఘోరంగా ఆడుతున్నా వీళ్ళే గెలుస్తున్నారు. తిరుమలేశ్ వేసిన సర్వీసు నడుచుకుంటూ వెళ్తే, జడ అమ్మాయి "అబ్బ, అందలేదు సార్," అంది. చేతికొచ్చిన బంతిని బ్యాండు కుర్రాడు తిన్నగా అద్దానికి కొట్టి, "సూపర్ గేమ్ సార్," అని ఇద్దరికీ నమస్కారం పెట్టాడు.

బయట జెరూష సహనం చచ్చిపోయింది. "ఇక్కడ గెలవాలని ఎవరికైనా ఉందా అసలు?" అనేసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆట ముగిసింది. కథా ముగిసింది. తిరుమలేశ్ రొప్పుతూ పెద్దాయన ముఖంలోకి చూశాడు. సామర్లకోటా, సినిమానా, ఇప్పుడే తేలిపోవాలి.

"అద్భుతమండీ," అన్నాడు పెద్దాయన. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "మీ స్థాయి మనిషి ఇంత మనసుపెట్టి కథ ఆలోచించడం నేనెక్కడా చూడలేదు. ఒక్క నిమిషం ఉండండి."

ఆయన బెంచీ దగ్గరికి వెళ్ళి తన బ్యాగు తెరిచాడు. కార్డిస్తాడు, రేపు ఆఫీసుకు రమ్మంటాడు అనుకున్నాడు తిరుమలేశ్. పదిహేను రోజుల వీపు నొప్పి ఒక్కసారిగా తగ్గిపోయినట్టనిపించింది.

పెద్దాయన వెనక్కి వచ్చాడు. ఆయన రెండు చేతుల్లో, నాలుగు మూలలా పసుపు పూసిన ఒక లావుపాటి బౌండు స్క్రిప్టు ఉంది.

"ప్రొడ్యూసర్ గారూ, మీ కథ నేను విన్నాను. నాది కూడా ఒక్క పది నిమిషాలు వినండి. ఇరవై రెండేళ్ళుగా మోస్తున్నాను."

తిరుమలేశ్ రెండడుగులు వెనక్కి వేశాడు. కాపాడమన్నట్టు నెట్ అవతలికి చూశాడు.

అక్కడ ఆ ఇద్దరూ పోటీ పడి తమ బ్యాగుల జిప్పులు తీస్తున్నారు.