తలకిందుల మ్యాపు

“కారవాన్‌లో కారు మనది, వాను అద్దెది, వాన దేవుడిది! రేపు ఈపాటికి సరస్సు ఒడ్డున ఉంటాం.” కారు వెనక తగిలించుకెళ్లే ఆ ఇంటిబండిని తలుచుకుంటూ హుషారుగా ఉన్న బాలశౌరి వేలు మ్యాపు మీద పరుగెత్తుతోంది.

“డాడ్, ఇట్స్ అప్‌సైడ్ డౌన్!” కూతురు ఎవా పగలబడి నవ్వింది.

“మన ఆస్ట్రేలియా ప్రపంచానికి అడుగునుంది కదమ్మా, పైకి తిప్పాను!”

ఎవా నవ్వుతూనే స్లీపింగ్ బ్యాగులు కార్లో పెట్టడానికి పరుగెత్తింది.

భార్య ప్రేమలీల నవ్వలేదు. మ్యాపు సరిగ్గా తిప్పి, “ఏదీ, సరస్సు చూపించండి” అంది.

నీళ్ల కోసం వెతికి వెతికి బాలశౌరి వేలు ఎడారిలో ఆగింది.

“ఎన్నాళ్ల నుంచండీ?”

“ఈస్టర్ నుంచి. అంతా మసకే, లీలా. పిల్లకి చెప్పకు. దారంతా కంఠతా పట్టాను, నేనే నడుపుతా.”

“ఎదురొచ్చే లారీల్ని కూడా పట్టారా?”

బాలశౌరి మ్యాపు మడిచాడు.

రేపటిదాకా ఆగలేక, బయట ఎవా అప్పుడే కారెక్కి హారన్ కొడుతోంది.