చెవిలో చెప్పిన సినిమా

“ఈ చీకట్లో గుండె ఆగిపోయినా పక్కవాళ్ళకి తెలీదు,” అంది తల్లి, ఇంకా కుర్చీలో కూర్చోకుండానే. “బయటికి దారెటో చూసుకున్నావా?”

“చూశాన్లేమ్మా. కూర్చో.”

పెళ్ళికి ముందు కూతురు ఫ్రెంచి పాఠాలు చెప్పిన చోటది. ఆ మధ్యాహ్నం అక్కడ పాత ఫ్రెంచి సినిమా వేస్తున్నారు. కింద అక్షరాలు కూడా పడవు. తల్లికి ఏదైనా అర్థం కావాలంటే కూతురు చెవిలో చెప్పాల్సిందే.

అలాగైనా నోరు విప్పుతుందని తల్లి బయల్దేరింది. వారం కిందట రెండు సంచులతో వచ్చి దిగింది పిల్ల. ఏమైందే అంటే, “ఊరికే” అంటుంది. అల్లుడి ఉద్యోగం ఊడిందా, పిల్లకి రాకూడని జబ్బేదైనా వచ్చిందా? తల్లికి కంటిమీద కునుకు లేదు. ఏదైతేనేం, సర్దుకుపోవాలని తేల్చేసింది. అల్లుడి దగ్గరికి పంపడానికి సాయంత్రం బస్సుకి టికెట్టు కూడా తీయించింది.

తెరమీద బురద పొలం, గడ్డివాము, మసిబారిన వంటగది. మొగుడు తలెత్తకుండా తిని లేచి వెళ్ళిపోయాడు. ఇల్లాలు ఏడవలేదు. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. తల్లి ఆ ముఖం మీంచి చూపు తిప్పుకోలేదు.

“ఏం నటించిందే మహాతల్లి. మాటతో పనే లేదు.”

తర్వాత ఆ ఇల్లాలి తల్లి వచ్చింది. ఇద్దరూ పశువుల కొట్టంలో నిలబడ్డారు. ఇల్లాలు చాలాసేపు మాట్లాడింది.

“ఏమంటోందే?”

కూతురు వంగి చెవిలో చెప్పింది. “కొట్టడు, తిట్టడు. నెలల తరబడి నాతో ఒక్క మాట లేదు. నేను గదిలోకొస్తే లేచి బయటికి పోతాడు. ఆ ఇంట్లో ఉన్నానో లేనో నాకే తెలీడం లేదు, అంటోంది.”

ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“నవ్వులాటగా ఉందా వీళ్ళకి?” తల్లి పళ్ళు నూరింది. “మరి వాళ్ళమ్మ ఏమంది?”

“సర్దుకుపొమ్మంది.”

“అదేం తల్లే? పిల్లకి ఇంత చోటు లేదా ఇంట్లో? చెయ్యి పట్టుకుని తెచ్చేసుకోక.” కొంగుతో కళ్ళొత్తుకుంది.

సినిమా అయిపోయింది. లైట్లు వెలిగాయి. జనం వెళ్ళిపోయారు. కూతురు మాత్రం లేవలేదు.

“బస్సు టైమవుతోందే. అవునూ, అంత కష్టం చెప్పుకుంటుంటే వాళ్ళెందుకు నవ్వారు?”

ఊడ్చేవాడు వచ్చి, కుర్చీలన్నీ సర్ది, వీళ్ళ వరుస దాకా వచ్చి ఆగాడు. అప్పుడంది కూతురు.

“సినిమాలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది తన్నే ఆవు గురించమ్మా.”