నడివీపు

మూడో మందు ట్యూబూ ఖాళీ చేసి ఆసుపత్రికి తెచ్చింది గంగ. నడివీపు మీద మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి.

శోభి మచ్చలు, చర్మానికి పట్టే ఫంగస్. ప్రాణానికేమీ ముప్పు లేదు, ఉద్యోగానికే వచ్చింది. గంగ డుంబ్రిగుడ దగ్గర ఒక హాస్టల్లో వంటమనిషి. ఇవి అంటుకోవని డాక్టరు రాసిచ్చినా వార్డెన్ వినలేదు. పూర్తిగా పోతేనే వంటగదిలోకి రమ్మన్నాడు. నెలాఖరు దాటితే ఇంకొకరిని పెట్టుకుంటాడట.

"పిల్లల గోల నేకపోతే ముద్ద దిగట్నేదమ్మా," అంది గంగ, ల్యాబ్ టెక్నీషియన్ నిర్మలతో.

"మందు రోజూ రాస్తున్నావా?"

"రెండుపూటలా."

"వీపుకెవరు రాస్తారు?"

గంగ ఖాళీ ట్యూబు మూత బిగించింది. "మాయన. మాటాడ్డు గానీ, ఎప్పుడెల్లినా కాదనడు."

అదృష్టవంతురాలు అనుకుంది నిర్మల. తను ఆసుపత్రి క్వార్టర్లో ఫోన్ చూసుకుంటూ ఒక్కతే అన్నం తింటుంది. నిజానికి కాస్త కుళ్లుకుంది కూడా.

డాక్టర్ మోహన్‌కృష్ణ వీపు చూసి పెదవి విరిచాడు.

"భుజాల మీద పోయాయి, నడివీపున మిగిలాయి. అక్కడ మందుకు లొంగని ఫంగస్ ఉన్నట్టుంది. మాత్రలు ఈవిడ లివర్‌కి పడవు. చర్మం కాస్త గీకి విశాఖ ల్యాబ్‌కి పంపి, ఏ మందుకు చస్తుందో తేల్చుకుందాం."

నిర్మల ఎడమచెయ్యి గంగ భుజం మీద ఆనించి, బ్లేడుతో పైపొర మెల్లగా గీకింది. గంగ కళ్లు మూసుకుంది.

"అప్పుడే అయిపోనాదేటి?" అంది చివర్లో.

రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. ఫంగస్‌ను, దానికి తిండిగా నూనె కలిపిన ప్లేట్లలో పెంచి నాలుగు రకాల మందులు వేసి చూశారు. నాలుగింటికీ చచ్చింది. గంగకిచ్చిన మొదటి ట్యూబు మందుకే ముందు చచ్చింది.

"మొండిది ఫంగస్ కాదు, ఆ మొగుడు," అన్నాడు డాక్టరు. "రాయకుండా ట్యూబులు పిండి పారేస్తున్నాడు."

నిర్మలకు ఒళ్లు మండిపోయింది. నెలాఖరుకు ఇంకా వారమే ఉంది. డ్యూటీ దిగగానే గంగ ఊరికి ఆటో ఎక్కింది. రోడ్డు ఆగిపోయిన చోట దిగి, కాఫీ తోటల మీదుగా నడిచింది. పెళ్లాం వీపుకు ఇంత మందు రాయడానికి ఏం రోగమయ్యా నీకు, అని దారంతా అతన్ని మనసులోనే కడిగేసింది.

గంగ వాకిట్లో చోళ్ల గింజలు ఎండబెడుతోంది. నిర్మలను చూసి గబగబా లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మీ ఆయన్ని పిలువు."

"నేడమ్మా. కొండకెల్లాడు."

"వచ్చేదాకా కూర్చుంటాను," అంటూ ఆమెను తప్పించుకుని నిర్మల లోపలికి అడుగు పెట్టింది.

లోపల ఒకే చాప, ఒకే కంచం. ఇంటి నడుమ నిలబడ్డ గుంజకు, సరిగ్గా గంగ వీపు ఎత్తున, రాపిడికి అరిగిన చోట, మూడు ట్యూబుల మందు నున్నగా మెరుస్తోంది.